కొత్త చెక్కపని చేయించిన గదిలో కళ్ళ మంట: గృహప్రవేశానికి ముందు, తరువాత చేయవలసినవి

ముందుగా మీరు అడిగినదాన్ని ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో మీరు కట్టుకున్న ఇల్లు పూర్తయింది. చెక్కపని ముగిసి మూడు వారాలు, రంగులు ముగిసి పది రోజులు అయింది. మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు, ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. మేడ మీది పడకగది తలుపు తీయగానే కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, గొంతు గరగరలాడుతోంది, పది నిమిషాలు నిలబడితే తలనొప్పి వస్తోంది. ఇంట్లో పది నెలల పాప ఉంది, మీ అమ్మగారికి ఉబ్బసం ఉంది. రంగుల మేస్త్రి ఉల్లిపాయలు కోసి మూలల్లో పెట్టమన్నాడు, దుకాణదారు గాలిని శుద్ధి చేసే యంత్రం కొనమన్నాడు, మీ బావగారు అల్మారాలన్నీ పీకించేసి ఇనప బీరువాలు పెట్టుకోమన్నారు. వీటిలో ఏది చేయాలి, అసలు ముహూర్తానికి ఆ ఇంట్లో దిగవచ్చా అన్నది మీ ప్రశ్న.

ముహూర్తానికి దిగవచ్చు, పాలు పొంగించుకోవచ్చు, బంధువులను పిలుచుకోవచ్చు. అల్మారాలు పీకించనక్కరలేదు. అయితే ఆ మేడగదిలో పాపను గాని, మీ అమ్మగారిని గాని రాబోయే ఎండాకాలం, ఆ వెనక వచ్చే వానాకాలం రెండూ దాటేవరకు పడుకోబెట్టవద్దు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇళ్ళు కట్టించడం, లోపలి చెక్కపని దగ్గరుండి చేయించడం నా వృత్తి. ఈ ఒక్క విషయంలో నా సొంత ఇంట్లోనే పొరపాటు చేసి తెలుసుకున్నాను కాబట్టి కాస్త విస్తారంగా రాస్తున్నాను.

మీ గదిలో ఉన్నది ఒకే వాసన కాదు, రెండు రకాల ఆవిర్లు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే ఏ ఉపాయమూ సరిగ్గా తగలదు. మొదటిది ద్రావకాల వాసన. ఎనామిల్ రంగులో కలిపే టర్పెంటైన్, పాలిష్‌లో పోసే థిన్నర్, సన్‌మైకా అంటించడానికి రెండు వైపులా పూసి ఆరబెట్టే పసుపుపచ్చ రబ్బరు జిగురు, వీటన్నిటిలో టోలుయిన్ వంటి తేలికగా ఆవిరయ్యే పదార్థాలు ఉంటాయి. పెట్రోలు బంకు దగ్గర నిలబడినట్టు అనిపించే వాసన ఇదే. పూత ఆరేకొద్దీ ఇది వేగంగా తగ్గుతుంది. కిటికీలు తెరిచి ఉంచితే చాలా భాగం కొన్ని రోజుల్లో, మిగిలినది కొన్ని వారాల్లో పోతుంది. గోడలకు మీరు వేయించిన ఎమల్షన్ నీటితో కలిపే రంగు కాబట్టి దాని వాటా ఇంకా తక్కువ. గోడకు పెట్టిన లప్పం నుంచి దుమ్మే తప్ప చెప్పుకోదగ్గ ఆవిరి రాదు.

రెండవది ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. కళ్ళు మండించేది, గొంతు పట్టేది ప్రధానంగా ఇదే. ఇది రంగులో లేదు, చెక్కలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, చెక్క పొరలను గాని, చెక్కపొట్టును గాని కలిపి బోర్డుగా చేసిన జిగురులో ఉంది. మామూలు రకం ప్లైవుడ్‌కు, చెక్కపీచును నొక్కి చేసే ఎం.డి.ఎఫ్.కు, చెక్కపొట్టును నొక్కి చేసే పార్టికల్ బోర్డుకు ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఫ్యాక్టరీలో వేడిమీద నొక్కినప్పుడు ఇది గట్టిపడుతుంది గాని, అందులో కలవకుండా మిగిలిన ఫార్మాల్డిహైడ్ కొంత బోర్డు లోపల చిక్కుకుని ఉంటుంది. అంతటితో అయిపోతే బాగుండేది. ఈ జిగురుకు తేమ, వేడి తగిలితే గట్టిపడిన భాగం కూడా కొద్దికొద్దిగా విడిపోయి మళ్ళీ ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. అందువల్ల దీని ఊట వారాల్లో ఆగదు. మొదటి నెలల్లో ఎక్కువగా, ఆ తరువాత తగ్గుతూ, కొన్ని సంవత్సరాల పాటు సన్నగా సాగుతుంది. రంగు వాసన పోయింది కదా అని పిల్లలను ఆ గదిలోకి మార్చేవారు పొరపడేది ఇక్కడే.

దీని కొలత ఎంత సూక్ష్మమో ఒక లెక్క చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంటి లోపలి గాలికి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏ అరగంట సగటు తీసుకున్నా ఒక ఘనపు మీటరు గాలిలో ఫార్మాల్డిహైడ్ 0.1 మిల్లీగ్రామును మించరాదు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. అంటే ఆ గది మొత్తానికి హద్దు 3.4 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో ఎన్నో వంతో. ఇక బోర్డు వైపు చూడండి. ఐరోపాలో ఇ1 అనే తరగతి బోర్డుకు ఉన్న పాత కొలత ప్రకారం 100 గ్రాముల బోర్డు నుంచి పిండి తీయగలిగే ఫార్మాల్డిహైడ్ 8 మిల్లీగ్రాములకు మించకూడదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎం.డి.ఎఫ్. షీటు, ఇద్దరు మనుషులు పట్టుకుని మెట్లెక్కించేది, సుమారు 40 కిలోలు తూగుతుంది. హద్దు దాటని మంచి షీటు ఒక్కదానిలోనే 3,200 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చన్న మాట. గది తట్టుకోగలిగినది మూడున్నర, షీటు ఒక్కటి దాచుకున్నది మూడు వేల పైన, మీ గదిలో ఉన్నవి ఆరేడు షీట్లు. ఈ నిల్వ ఒక్కసారిగా బయటికి రాదు కాబట్టే మనం బతికి ఉన్నాం. అది ఎంత నెమ్మదిగా వస్తుంది, వచ్చినది ఎంత వేగంగా గది దాటిపోతుంది అన్న రెండింటి మీదే మీ గది గాలి ఆధారపడి ఉంటుంది. మనం చేయగలిగిన పనులన్నీ ఈ రెండింటిలోకే వస్తాయి.

ఇ1 అని ముద్ర ఉంది కదా, భయం లేదు కదా అని చాలామంది నన్ను అడుగుతారు. ఆ ముద్ర ఉండటం మంచిదే, లేని బోర్డు కొనవద్దనే నేనూ చెబుతాను. అయితే ఐరోపావారు ఆ బోర్డును పెట్టెలో పెట్టి పరీక్షించేది 23 డిగ్రీల వేడిలో, 45 శాతం తేమలో. మన సముద్రతీరంలో అటువంటి గది సంవత్సరంలో ఎన్ని రోజులు ఉంటుందో మీకే తెలుసు. వేడి సుమారు ఏడు డిగ్రీలు పెరిగితే గదిలో చేరే ఫార్మాల్డిహైడ్ దాదాపు రెట్టింపవుతుంది, తేమ పెరిగితే ఇంకా పెరుగుతుంది. స్లాబు కింద, పడమటి గోడకు ఆనించి, మే నెల మధ్యాహ్నం 37 డిగ్రీల దగ్గర ఉడికే అల్మారా, పరీక్షపెట్టెలో వదిలినదానికి నాలుగు రెట్లు వదిలినా ఆశ్చర్యం లేదు. మాఘంలో మీరు కిటికీలు తీసిపెట్టి వాసన తగ్గిందనుకున్న గది వైశాఖంలో మళ్ళీ లేవడానికి కారణం ఇదే. మొదటి ఎండాకాలాన్ని, ఆ వెనకే శ్రావణ భాద్రపదాల ఉక్కను దాటనివ్వమని నేను అడిగింది కూడా అందుకే.

ఇది ఊహ మీద చెప్పే మాట కాదు. 2005లో కత్రీనా తుఫాను తరువాత అమెరికాలో ఇళ్ళు పోయినవారికి ప్రభుత్వం చక్రాల మీది తాత్కాలిక ఇళ్ళు ఇచ్చింది. చిన్న గదులు, చుట్టూ బోర్డులు, బిగువైన కిటికీలు. జనం కళ్ళ మంట, దగ్గు అని మొరపెట్టుకోగా 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 519 ఇళ్ళలో గాలిని కొలిచింది. సగటున వంద కోట్ల పాళ్ళ గాలిలో 77 పాళ్ళు ఫార్మాల్డిహైడ్ తేలింది, కొన్నింటిలో 590 దాకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును ఇదే లెక్కలో చెబితే సుమారు 80. కొలిచినది చలికాలంలో కాబట్టి, ఎండలు ముదిరేలోగా అక్కడివారిని వేరేచోటికి మార్చాలని ఆ కేంద్రమే సిఫారసు చేసింది. జపానులో ఇలాంటి ఇబ్బందులు ఎక్కువైనాక 2003లో భవన నిర్మాణ చట్టాన్నే సవరించారు. ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా వదిలే సామగ్రిని లోపల వాడటంపై పరిమితులు పెట్టారు, ఇంటి గాలిలో కనీసం సగం ప్రతి గంటకూ మారేలా ఫ్యాన్లు ఉండి తీరాలన్నారు, చెదల మందుగా క్లోర్‌పైరిఫాస్ వాడకాన్ని ఇళ్ళలో నిషేధించారు. చెదల మందు సంగతికి మళ్ళీ వస్తాను.

2011లో విజయనగరంలో మా అమ్మాయి చదువుకునే గదికి ఒక బల్ల, దాని పైన పుస్తకాల అర, పక్కన బట్టల అల్మారా చేయించాను. ఖర్చు తగ్గుతుందని లోపలి అరలకు పార్టికల్ బోర్డు ఒప్పుకున్నాను. ఏప్రిల్ నెల వచ్చేసరికి పిల్లకు పొద్దున్నే కళ్ళు ఎర్రబడటం, తుమ్ములు మొదలయ్యాయి. మామిడి పూత పుప్పొడి అనుకున్నాం, దుమ్ము అనుకున్నాం, మందులు వాడాం. చివరికి వైద్యుడొకాయన “ఇంట్లో ఈమధ్య కొత్తగా ఏమైనా చేయించారా?” అని అడిగితేగాని నాకు తట్టలేదు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో చెక్కపని చేయించే నాకు తట్టకపోవడం నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఆ సాయంత్రం బల్ల సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేశాను. పైకి తెల్లని సన్‌మైకా మెరుస్తోంది. అడుగు పలక మాత్రం అట్టముక్కలా గోధుమ రంగులో, ఏ పూతా లేకుండా, వేలితో రాస్తే పొట్టు రాలేలా ఉంది. సొరుగు ఉన్న గూడులో ముఖం పెడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్మారాను గోడ నుంచి జరిపి చూస్తే వెనక పలకదీ అదే స్థితి, పైగా వాన చెమ్మ దిగిన గోడకు ఆని దాని మీద బూజు పట్టింది. కంటికి కనిపించే ముఖాలన్నీ మూసి, కనిపించనివన్నీ తెరిచి వదిలేశాం. పిల్లను ముందు గదికి మార్చాక రెండు వారాల్లో కళ్ళు తేటపడ్డాయి. గది మాత్రం మరుసటి ఎండాకాలం దాటాకనే సుఖంగా అనిపించింది.

మీరు మొదట చేయవలసింది కూడా అదే. ఒక టార్చిలైటు తీసుకుని ఆ గదిలోని ప్రతి సొరుగూ బయటికి లాగి అడుగు చూడండి. అరల వెనక అంచులు, షట్టర్ల పై అంచు, కింది అంచు, మడతబందు బిగించడానికి తొలిచిన గుంట, వైర్లకోసం వేసిన రంధ్రాలు, అల్మారా వెనక పలక, మంచం కింద పెట్టె లోపలి ముఖం చూడండి. సన్‌మైకా అతికిన ముఖం నుంచి వాయువు చాలా తక్కువగా వస్తుంది. కోసిన అంచు నుంచి, తొలిచిన రంధ్రం నుంచి, పూత లేని ముఖం నుంచి ధారాళంగా వస్తుంది. ఆ చోట్లన్నింటినీ సుద్దముక్కతో గుర్తుపెట్టి, మీ వడ్రంగిని పిలిచి రెండు రోజుల పని చేయించండి. అంచులకు ఎడ్జ్ బ్యాండ్ పట్టీ అంటించాలి, వాడని రంధ్రాలకు మూతలు బిగించాలి, సొరుగుల అడుగులకు, వెనక పలకలకు వీలైతే పల్చని సన్‌మైకా, వీలు కాకపోతే స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ రెండు పూతలు వేయించాలి. స్పిరిట్ ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది, లక్క పొర మిగులుతుంది. దీనితో ఊట పూర్తిగా ఆగదు, చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ పూతలు హోమం నాటికి కనీసం వారం ముందే పూర్తికావాలి, స్పిరిట్, థిన్నర్ డబ్బాలు ఆ రోజుకు ఇంటి ఆవరణలో ఉండకూడదు.

పాలిష్ గురించి ఇంకో మాట. గట్టి టేకు తలుపులు పెట్టించామని, బోర్డు లేదు కాబట్టి వాయువు లేదని అనుకునేవారు ఉన్నారు. టేకు మంచిదే, కాని దాని మీద కొట్టిన మెలమైన్ పాలిష్ ఆమ్లం కలిపితే గట్టిపడే రకం, అదీ ఆరేటప్పుడు, ఆరిన తరువాత కొన్ని వారాల పాటు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. మీ గది తలుపుకు అదే కొట్టించి ఉంటే ఆ తలుపును ఈ పన్నెండు రోజులూ బార్లా తెరిచి ఉంచండి.

ఇక గాలి సంగతి. ఈ పన్నెండు రోజులూ అల్మారా షట్టర్లన్నీ తెరిచి, సొరుగులన్నీ సగం లాగి ఉంచండి, లోపల బట్టలు సర్దవద్దు. కిటికీ ఒక్కటే తెరిస్తే గాలి ముందుకూ వెనక్కూ ఊగుతుందే గాని దాటిపోదు. ఎదురుగా ఇంకొక దారి ఉండాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచే వైపు కిటికీలు, దానికి ఎదుటి వైపు తలుపులు తెరవండి. ఎదురు దారి లేని గదికి కిటికీలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి తోసేలా పెట్టి, గది తలుపు తెరిచి ఉంచండి. స్నానాలగదికి వాడే చిన్న ఫ్యానైనా గంటకు ఆ గది గాలినంతటినీ కొన్నిసార్లు మార్చగలదు. ఎండ బాగా కాసే రోజున మధ్యాహ్నం రెండు మూడు గంటలు గదిని మూసి వేడెక్కనిచ్చి సాయంత్రం అన్నీ తెరవడం కొందరు చేస్తారు, వేడికి ఊట పెరిగి కొంత త్వరగా పోతుందని. అది చేసినా తప్పులేదు, కాని పరుపులు, కర్టెన్లు అప్పటికి లోపల ఉండకూడదు. బట్ట, దూది వాయువును పీల్చుకుని తరువాత వారాల తరబడి వదులుతాయి. మీ కర్టెన్లు ఇప్పటికే తగిలించి ఉంటే విప్పి ఉతికి ఎండలో ఆరవేయండి.

ఏ.సి. గురించి అపోహ చాలా బలంగా ఉంది కాబట్టి ఆగి చెప్పాలి. గోడకు బిగించే స్ప్లిట్ ఏ.సి. బయటి గాలిని లోపలికి తేదు. లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. కొత్తగా పెట్టించిన యు.పి.వి.సి. (గట్టి ప్లాస్టిక్) కిటికీలు బిగువుగా మూసుకుంటాయి, తలుపు కింద సందు లేదు, రాత్రంతా ఏ.సి. నడుస్తుంది. చల్లదనం, తేమ తగ్గడం ఊటను కొంత తగ్గించే మాట నిజమే. అయినా ఎనిమిది గంటలు మూసిన గదిలో చేరినది ఎటూ పోదు. మీరు ఆ గదిలో పడుకునే రోజు వచ్చాక కూడా కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి, పడుకోబోయే ముందు అరగంట అన్నీ తెరిచి గది గాలి మార్చండి. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

మీ మేస్త్రి చెప్పిన ఉల్లిపాయలు ఫార్మాల్డిహైడ్‌ను పట్టవు, తమ వాసనతో దాన్ని కప్పుతాయి. బొగ్గులు పళ్ళెంలో పెట్టడం కూడా అంతే. ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు గుండా ఫ్యానుతో గాలిని తోస్తే కొన్ని ఆవిర్లను పట్టగలదు గాని, మూలన కూర్చున్న పళ్ళెం దగ్గరికి గది గాలి వెళ్ళదు. గాలి శుద్ధి యంత్రాలలో ఉండే హెపా వడపోత దుమ్మును పట్టుకుంటుంది, వాయువును పట్టదు. బొగ్గు పొర ఉన్నవి టోలుయిన్ వంటివాటిని కొంతకాలం పట్టినా, మామూలు బొగ్గుకు ఫార్మాల్డిహైడ్ అంతగా చిక్కదు. ఆ డబ్బుతో రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఎడ్జ్ బ్యాండ్ కూలి వస్తాయి. కుండీల మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది మూసిన చిన్న పెట్టెలో చేసినది. కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే గదిలో మనిషి నడవడానికి చోటుండదని తరువాతి పరిశీలనల్లో తేలింది. మొక్కలు కంటికి హాయి కాబట్టి పెంచుకోండి. గాలిలో ఈ వాయువును కొలుస్తాయని అమ్మే, చేతిలో పట్టుకునే చౌకరకం మీటర్లను నమ్మి ధైర్యపడవద్దు, భయపడవద్దు. వాటిలో చాలావరకు అగరువత్తి వెలిగించినా, చేతికి శానిటైజర్ రాసుకున్నా అంకె ఎగురుతుంది.

వాయువును తగ్గించే ప్రయత్నంలో ఉండగా కొత్తవి చేర్చకపోవడం ముఖ్యం. మన ఇళ్ళలో పాపకు తలంటి పోశాక సాంబ్రాణి వేస్తారు. ఆ సంప్రదాయాన్ని నేను కాదనను, కాని ఈ సంవత్సరం ఆ పొగ పాప మీదికి, మీ అమ్మగారి మీదికి రాకుండా చూడండి, ఉబ్బసానికి అది నేరుగా హాని. దోమల కాయిల్ నుంచి పొగతో పాటు ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది, దోమతెర కట్టండి. పట్టుచీరల కోసం కొత్త అల్మారాలో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. అవి నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు, ఆ లోపం ఉన్నట్టు ముందుగా పైకి తెలియదు. పాప బట్టలున్న చోట వాటిని అసలు పెట్టవద్దు.

కింది అంతస్తులో కిరసనాయిలు వంటి వాసన ఉందని ఒక్క వాక్యంలో రాశారు. అది బహుశా చెదల మందు. పునాదిలోను, నేల అంచుల వెంట రంధ్రాలు చేసి పోసేది సరిగ్గా చేస్తే మట్టిలో ఉండిపోతుంది. గదుల్లో చెక్కల మీద, గోడల వార పైపైన పిచికారీ చేసి ఉంటే మాత్రం పాప పాకే నేలను సబ్బునీటితో మూడు నాలుగుసార్లు తుడిపించండి, ఏ మందు వాడారో డబ్బా పేరు అడిగి రాసి ఉంచుకోండి. క్లోర్‌పైరిఫాస్ అని చెబితే ఇకముందు ఇంటి లోపల దాన్ని వాడనివ్వవద్దు.

2020 మే 7న విశాఖ వెంకటాపురంలో జరిగినదానిలాంటిదా ఇది అని కూడా అడిగారు. కాదు. అక్కడ ఒక కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కొద్ది గంటల్లో పెద్ద మొత్తంలో ఊరి మీద పడింది. మీ గదిలో ఉన్నది అతిస్వల్ప మోతాదు, కాని ఎక్కువ కాలం ఉండేది. అది రాత్రికి రాత్రి ప్రాణం తీయదు. కళ్ళను, ముక్కును, గొంతును రేపుతుంది, ఉబ్బసం ఉన్నవారిని ఎక్కువ బాధిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చిన మాట నిజం. దానికి ఆధారం ప్రధానంగా ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో పీల్చిన కార్మికుల నుంచి వచ్చింది. కొన్ని రోజులు మీ గదిలో నిలబడినందుకు రాత్రిళ్ళు నిద్ర పోగొట్టుకోవద్దు. మీ అమ్మగారికి మాత్రం ఇంట్లో దిగేముందే ఆమెను చూసే వైద్యుడికి ఈ సంగతి చెప్పి, పీల్చే మందు ఎలా వాడాలో అడిగి పెట్టుకోండి. పిల్లికూతలు పెరిగితే ఇంటి చిట్కాలతో ఆగవద్దు.

వంటింటి అల్మారాలు ఇంకా మొదలుపెట్టలేదని రాశారు. అది మీ అదృష్టం. అక్కడ వేడి, ఆవిరి, తడి మూడూ ఉంటాయి కాబట్టి యూరియా జిగురు బోర్డుకు అంతకంటే చెడ్డ చోటు ఇంట్లో లేదు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గాని, ఐ.ఎస్. 303లో మరిగే నీటిని తట్టుకునే రకం గాని అడగండి. వీటిలో ఎక్కువగా వాడేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. పేరులో అదే మాట ఉన్నా ఇది తేమకు విడిపోదు, అందుచేత దీని నుంచి వాయువు చాలా తక్కువ. కోసిన అంచులో జిగురు గీత ముదురు ఎరుపు గోధుమ రంగులో కనిపిస్తుంది, అయితే రంగు కలిపి మోసం చేసేవారూ ఉన్నారు. కొనేముందు అరచేతి ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, గిన్నెలో నీళ్ళు పోసి ఐదారు గంటలు మరిగించండి. యూరియా జిగురైతే పొరలు పుస్తకంలా విచ్చుకుంటాయి. ముద్ర కన్నా నేను ఎక్కువగా నమ్మేది ఈ గిన్నెనే.

గట్టి చెక్క దొరికితే అసలు ఈ చర్చే అక్కరలేదు. మన తాతల ఇళ్ళలో పనస, గుగ్గిలం చెక్క, సున్నపు గోడ, పెంకుల సందుల్లోంచి పోయే గాలి ఉండేవి. గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్ళకు పక్క కిటికీలు లేకపోయినా వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా గాలికి దారి ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో కూలిన తన పనస చెట్లను కోయించి, రెండేళ్ళు నీడన ఆరబెట్టి, ఒక రైతు తన వంటింటికి షట్టర్లు చేయించుకున్నాడు. నేనే దగ్గరుండి బిగించాను. లోపల ముఖం పెడితే పసుపుపచ్చని పనస చెక్క వాసన తప్ప మరేదీ లేదు. అందరికీ అది కుదరదని తెలుసు. షట్టర్లకు కాకపోయినా పాప ఉయ్యాలకు, మంచానికి బోర్డు వద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

గృహప్రవేశం నాటికి మీ అమ్మగారికి, పాపకు కింది అంతస్తులో బోర్డు పని తక్కువగా ఉన్న, ఎదురెదురు కిటికీలున్న గదిని ఏర్పాటు చేయండి. బట్టలకు మీ బావగారు చెప్పిన ఇనప బీరువా ఒకటి ఆ గదిలో పెట్టండి, ఆయన సలహాలో అంతవరకు సరైనదే. మేడగదిని ఎప్పుడు వాడుకోవచ్చో మీరే ఇలా చూసుకోండి. వైశాఖంలో ఒకసారి, భాద్రపదంలో ఒకసారి, సాయంత్రం సొరుగులు, షట్టర్లు, కిటికీలు, తలుపు అన్నీ మూసేసి మరునాడు ఉదయం వరకు తెరవకండి. ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ఆ ఇంట్లో ఉండేవారు కాకుండా, బయటినుంచి వచ్చిన వేరొకరితో తలుపు తెరిపించి, ఐదు నిమిషాలు లోపల నిలబడమనండి. వాసన వచ్చిందా అని అడగవద్దు, కళ్ళు చెమ్మగిల్లాయా అని అడగండి. భాద్రపదంలో కూడా చెమ్మగిల్లకపోతే, దసరా తరువాత పాప మంచం పైకి ఎక్కించవచ్చు.